పాత పడవకు క్రొత్త అడుగు



మన పల్నాటిసీమలో సంసారము చెడినవానిని గూర్చి “వాని పుట్టి మునిగినది” అందుము. నమ్మినవానికి ద్రోహము చేసినవానిని “పుట్టి ముంచినాడు” అందుము. ధాన్యము కొలుచు పుట్టి యొకటి, నీటిపై నడచు పుట్టి యొకటి. ఈ మాటలో మునుగునది రెండవది. కృష్ణ యొడ్డున పెరిగినవారికి ఈ భేదము చెప్పనక్కరలేదు. నరసరావుపేట దిక్కున, కాలువ నీటి పొలముల నడుమ పెరిగిన బాలుర నడిగితిని. పలువురు ధాన్యపు పుట్టియే యనిరి. రేవులు ఒక్కొక్కటిగా మూతపడినను మాట మాత్రము నిలిచినది. మునిగిన పుట్టిని పైకి తీసి, బాగుచేసి, మునిగిన సంసారము నొకదానిని మరల దానిలో ఎక్కింపవచ్చునా యనునదియే నేటి ప్రసంగమునకు విషయము. ఎక్కింపవచ్చుననియే నా నమ్మకము. ఆ పని యెట్లు చెడునో, ఎట్లు చక్కబడునో నేను రెండు విధములను చూచితిని గనుక చెప్పబూనితిని.

పుట్టి యెఱుగని పిల్లలకొఱకు నాలుగు మాటలు. వెదురు బద్దలను పెద్ద గంపవలె అల్లుదురు. అడుగు చదునుగాను, అంచు దళముగాను ఉండును. పూర్వము వెలుపల ఎద్దుతోలో దున్నతోలో కప్పి కుట్టెడివారు. తరువాత గోనెపట్టా వచ్చినది. ఆ తరువాత యెరువుల సంచులను విప్పి, ఒకదానికొకటి కుట్టి, దానిపై కాచిన తారు పూయుట అలవాటైనది. నేడు కొన్నిచోట్ల ఫైబరుతో పోతపోసిన పుట్టులును తిరుగుచున్నవి. పుట్టికి ముందు లేదు, వెనుక లేదు. చుక్కాని లేదు, తెరచాప లేదు. ఒక్క తెడ్డే ఆధారము. తెడ్డును ప్రక్కగా వేసినచో నున్నచోటనే గిరగిర తిరుగును. ముందునకు వంగి నీటిని తనవైపునకు లాగుకొనువానికే యది లొంగును. పోర్చుగీసువాడగు డొమింగో పేయిస్ 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, తుంగభద్రపై ఇట్టి తోలుపుట్టులను చూచి వ్రాసినాడు. పదునైదు ఇరువదిమంది ఎక్కుదురనియు, అవసరమైనచో గుఱ్ఱములను ఎద్దులను సైతము దాటింతురనియు, అవి తిన్నగా పోక యెప్పుడును తిరుగుచునే పోవుననియు అతడు చెప్పినాడు. అయిదు వందల యేండ్లయినను ఆ తిరుగుడు మానలేదు.

నదిలో చేపలు పట్టుకొని బ్రతుకువారికి పుట్టియే పొలము, పుట్టియే కాడి, పుట్టియే యెద్దు. తరచుగా భార్య తెడ్డు వేయును, భర్త వల విడుచును. ఒక్కరు వలయు తెడ్డును రెండును చూచుకొనుట బహు కష్టము. కాబట్టి ఆ జంటలో నొకరు పోయినచో, మిగిలినవారు బ్రతికియుండగనే పుట్టి మూలపడును. ఒడ్డున బోర్లించి యుంచిన పుట్టి యెండకు పగులును, చెదలు పట్టును. రెండు వేసవులు గడచునప్పటికి కుక్కలు పడుకొను నీడగా మారును. రేవు వెంట నడచుచు బోర్లించిన పుట్టులను లెక్కపెట్టినచో ఆ ఊరిలో ఎన్ని పొయ్యిలు ఆరినవో తెలిసిపోవును.

1990 ప్రాంతమున నేను కృష్ణ యొడ్డున నొక గ్రామములో ఉపాధ్యాయుడను. ఊరిపేరు చెప్పను, చెప్పవలసిన తప్పు నాది, ఊరిది కాదు. నా తరగతిలోని యొక బాలుడు బడికి రాకుండెను. విచారింపగా తండ్రి జ్వరముతో మరణించెననియు, తల్లి కూలికి పోవుచున్నదనియు, బాలుడు పశువులు కాయుచున్నాడనియు తెలిసినది. వారి పుట్టి ఒడ్డున బోర్లబడి యున్నది. నేను ఊరి పెద్దలను కూడగట్టితిని. వేపచెట్టు క్రింద ఏడువందల రూపాయలు పోగైనవి. ఆ దినములలో అది చిన్న మొత్తము కాదు. ఒక మేదరి వృద్ధుని పిలిపించి పని యప్పగించితిమి. అతడు పుట్టిని వ్రేళ్ళతో తట్టి చూచి, పాత తారంతయు గీకి తీయవలెననియు, అడుగు బద్దలు మార్చవలెననియు, అందులకు పదునైదు దినములు పట్టుననియు చెప్పెను. ఉగాదికి ఎనిమిది దినములున్నవి. ఆ నాడు పుట్టిని నీటిలోనికి దింపి, పదిమంది యెదుట ఆమె చేతికీయవలెనని నాకు ముచ్చట. మండలము నుండి యొక పెద్దమనిషిని గూడ పిలిచియుంటిమి. “తాతా, పైన కొత్త తారు దట్టముగా పూసినచో చాలదా?” అంటిని. అతడు నా ముఖము చూచి ఊరకుండెను. తారు పూసిరి. మిగిలిన డబ్బుతో నేను నీలిరంగు తెప్పించి, అంచుచుట్టును పూయించి, నా చేతులతో చెన్నకేశవస్వామి పేరు వ్రాసితిని. అక్షరములు చక్కగా కుదిరినవని పదిమందియు మెచ్చుకొనిరి.

ఉగాది వేడుక బాగుగనే జరిగినది. తరువాతి వారములో, మధ్యాహ్నపు వేళ, తల్లి తెడ్డు వేయుచుండగా కొడుకు వల లాగుచుండెను. వల బరువెక్కి ఒక ప్రక్కకు వంగునప్పటికి అడుగున పాత బద్ద పటుక్కున విరిగినది. క్రొత్త తారు పాత తారును పట్టుకొని యుండెను గాని, పాత తారు వెదురును ఎప్పుడో విడిచియుండెను. అరచేయంత మేర ఊడిపోయినది. పుట్టి తిరుగబడినది. తల్లియు కొడుకును అంచు పట్టుకొని వ్రేలాడుచుండగా దూరమున నున్న యింకొక పుట్టివారు వచ్చి లాగిరి. ప్రాణములు దక్కినవి, వల పోయినది. ఆ వల అరువు తెచ్చినది. ఆమెకు మునుపు పుట్టి లేదు, ఇప్పుడు పుట్టియు లేదు, పైగా అప్పు. నేను చేసిన మేలు ఇది.

మరునాడు సాయంకాలము ఆ వృద్ధుడు మా అరుగు దగ్గరకు వచ్చెను. కోపపడునేమో యనుకొంటిని. కూర్చుండి, తువాలు దులుపుకొని, “అయ్యవారూ, రంగు నీళ్ళాపదండీ. తిరగేసి చూసుకోవాల” అనెను. అంతే. మఱుసటి ఉదయము నుండి పని మరల మొదలైనది. ఈ మారు నేను బడి విడిచిన తరువాత పోయి ప్రక్కన కూర్చుండెడివాడను. పాత తారును కొడవలి మొనతో గీకి గీకి వెదురు కనబడువఱకు తీసిరి. అడుగున పది పదునొకండు బద్దలు పుచ్చిపోయియుండెను. వానిని తీసి, పచ్చి వెదురు చీల్చి, నీట నానవేసి, ఒక్కొక్కటిగా జొనిపిరి. ఆ బాలుడు తారు కుండ దగ్గర కూర్చుండి పుల్లలు ఎగద్రోయుచు అల్లిక చూచుచుండెను. వృద్ధుడు వానిని రమ్మనలేదు, పొమ్మనలేదు. నాలుగవ నాడు చేతికొక బద్ద యిచ్చెను. పదునాలుగు దినములు పట్టినది. ఈ మారు కొబ్బరికాయ కొట్టినది ఆ తల్లి యొక్కతయే. వల అప్పు తీర్చుటకు నా రెండు నెలల జీతములో కొంత పోయినది. అది నేను చెల్లింపవలసినదే.

ఆ పుట్టి మఱి నాలుగేండ్లు నడచినదని విన్నాను. ఈలోగా బాలుడు తన పుట్టి తానే అల్లుకొనుట నేర్చెను. బడికి మాత్రము తిరిగి రాలేదు. ఆ విషయమున నేను గెలిచితినని చెప్పుకొనజాలను.

కొయ్య పడవల సంగతి వేరుగా తోచును గాని తత్త్వము ఒకటే. తూర్పు తీరమున అలల మీదుగా ఒడ్డునకు వచ్చు పడవలను, మచిలీపట్టణపు పేరుతో మసూలా పడవలని దొరలు వ్రాసినవానిని, మేకులు లేకుండ కొబ్బరినార త్రాటితో పలకకు పలక కుట్టి చేసెడివారు. అల ఒడ్డున కొట్టినప్పుడు మేకు వేసిన పడవ పగులును. కుట్టిన పడవ వంగి సర్దుకొనును. కుట్టు వదులైనప్పుడు త్రాళ్ళు కోసి, పలకలు విడదీసి, మరల కుట్టుదురు. కాలువలలో సామానులు మోసిన పెద్ద పడవలకు మేకులుండును. సందులలో నార దూర్చి, గుగ్గిలమును నూనెను కాచి మెత్తెడివారు. ఏ పడవనైనను నీటినుండి తీసి, ఆరబెట్టి, బోర్లించి, అడుగు చూడవలెను. పుచ్చిన పలక ఒకటి మార్చినచో, మఱుసటి ఏడు ఇంకొకటి. కొంతకాలమునకు మొదటి పలక ఒక్కటియు మిగులదు. అప్పుడు ఇది ఆ పడవయేనా యని తార్కికులు అడుగుదురు. మన నాగార్జునకొండ విహారములలో అట్టి వాదములు జరిగియుండవచ్చును. బౌద్ధులకు రథమును గూర్చి ఇట్టి ప్రశ్న ప్రసిద్ధము గదా. సరంగు నడిగినచో ఆ ప్రశ్నయే అతనికి తోచదు. పడవ నీరు లాగుచున్నదా లేదా, అతనికి కావలసినది అదియే.

పాత ఓడలలో పేదబిడ్డల నెక్కించి వారికి మఱొక దారి చూపవలెనను తలంపు ఇంగ్లండులో చాల పాతది. జోనాస్ హాన్వే యను వర్తకుడు 1756లో లండనునందు మెరైన్ సొసైటీ స్థాపించి, వీథులలో తిరుగు అనాథబాలురకు బట్టలిచ్చి నావికులుగా పంపుచుండెను. 1786లో ఆ సంఘము ఒక ఓడనే పాఠశాలగా చేసి థేమ్సు నదిలో నిలిపినది. ఆ పద్ధతి పెరిగి, యుద్ధమునకు పనికిరాని ముసలి ఓడలు పందొమ్మిదవ శతాబ్దములో పలు రేవులలో బడులైనవి.

వానిలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవున నిలిచిన ఓడ. దాని పేరు సోబ్రాన్. సోబ్రాన్ మన దేశపు ఊరు. సట్లెజ్ యొడ్డున 1846 ఫిబ్రవరి 10వ తేదిని ఆంగ్లేయులకును సిక్కులకును అక్కడ యుద్ధము జరిగినది. వెనుకకు మరలుచున్న సిక్కు సైనికుల క్రింద పడవల వంతెన తెగి అసంఖ్యాకులు నదిలో మునిగిరి. అట్టి పేరు పెట్టిన ఓడను 1866లో స్కాట్లండులోని అబర్దీనులో కట్టిరి. ఇనుప చట్రమునకు టేకు పలకలు తొడిగిన పెద్ద తెరచాప ఓడ అది. పాతికేండ్లు ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ప్రయాణికులను మోసి, 1891లో న్యూసౌత్‌వేల్సు ప్రభుత్వము చేతికి వచ్చినది. అంతకు పూర్వము 1867 నుండి వెర్నన్ అను ఓడ చేసిన పనిని సోబ్రాన్ చేపట్టినది. దిక్కులేని బాలురను, చిల్లర నేరములలో చిక్కిన బాలురను న్యాయాధికారులు అక్కడికి పంపెడివారు. చదువుతోపాటు వడ్రంగము, కుట్టుపని, చెప్పులు కుట్టుట, తెరచాప పని నేర్పి, పెద్దలైన తరువాత రైతులవద్దను ఇతరులవద్దను పనిలో పెట్టెడివారు. 1911 వఱకు అట్లు నడచి, ఆ మీదట ఓడ టింగిరా అను పేరుతో నౌకాదళమున 1927 వఱకు బాలురకు శిక్షణ యిచ్చినది. ఒక ఓడకు మూడు జన్మలు.

దీనిని మెచ్చుకొనవలసినంత మెచ్చుకొనియే ఒక మాట చెప్పుదును. ఆ బాలురలో చాలమంది చేసిన అపరాధము పేదరికమే. వారు ఓడ యెక్కుదుమని కోరలేదు, ఎక్కించినారు. ఒడ్డునకును ఓడకును నడుమనున్న నీరు గోడవలె పనిచేసినది. చేతిపని నేర్పుట నిజము, కట్టడి చేయుటయు నిజము. సాయము పొందువానికి తెడ్డు ఇచ్చితిమా, లేక వానిని పడవలో కట్టివేసితిమా యని యెప్పటికప్పుడు చూచుకొనవలసియున్నది.

మన కాలములో బంగ్లాదేశమున జరిగినది ఇంతకంటె నాకు సంతోషము కలిగించును. బ్రహ్మపుత్ర అక్కడ జమునా యను పేరుతో పారును. దాని నడుమ ఇసుక దిబ్బలపై లక్షలాది జనులు నివసింతురు. ఒక వరదకు దిబ్బ పోవును, మఱొకచోట లేచును. అక్కడ ఆసుపత్రి కట్టినచో ఏటి పాలగును. ఈవ్ మార్ అను ఫ్రెంచివాడు తన దేశపు నదులలో సరుకులు మోసి విశ్రాంతి పొందిన యొక పాత పడవను 1994లో సముద్రములు దాటించి బంగ్లాదేశమునకు తెచ్చినాడు. నదికొఱకు చేసిన పడవను సముద్రముపై అంత దూరము నడిపించుట సాహసమే. ఆయనయు, ఆ దేశపు స్త్రీ రూనా ఖాను గారును కలిసి ఆ పడవను ఆసుపత్రిగా మార్చిరి. 2002లో ఫ్రెండ్‌షిప్ అను సంస్థ పేర అది రోగులను చూడనారంభించినది. దిబ్బ కదలినచోటికి ఆసుపత్రియు కదలును. మఱియు ఆ దేశములో యంత్రపు పడవలు వచ్చి పాత కొయ్యపడవలు మాయమగుచుండగా, పని పోయిన ముసలి వడ్రంగులచేత ఆ పడవలకు సరియైన కొలతలతో చిన్న నమూనాలు చేయించి, ఆ చేతిపనిని వారు నిలిపిరి. రోగికి వైద్యమందినది, వడ్రంగికి ఉలి పట్టు పని దొరకినది.

తెలుగుదేశములో ఇట్టిది లేదా యని అడుగుదురేమో. పాతూరి నాగభూషణముగారు 1935లో మన గుంటూరు మండలమునకు చేరిన పెదపాలెము నుండి కాలువ పడవలపై గ్రంథాలయము నడిపించిరి. క్రొత్త పడవ కొనలేదు. జనులు ఎక్కు పడవలోనే పుస్తకముల పెట్టె పెట్టిరి. గంటల తరబడి సాగు ప్రయాణములో చదువ వచ్చినవాడు చదివెను, రానివానికి ప్రక్కవాడు చదివి వినిపించెను. బస్సులు వచ్చి కాలువ పడవలు పోయినవి, పెట్టెయు పోయినది. ఉన్నదానికే మఱొక పని కల్పించుట మనకు తెలియని విద్య కాదనుటకు ఇది చాలును.

2004 డిసెంబరు 26వ తేది సునామీ వచ్చినప్పుడు జరిగినది మఱచిపోరాదు. మన కోస్తాలో నూరుమందికి పైగా మరణించిరి. తమిళనాట నాగపట్టణము దిక్కున వేలకు వేలు పోయిరి. పడవలు విరిగి ఇసుకలో కూరుకొనిపోయినవి. దేశదేశముల నుండి దయామయులు ధనము పంపిరి. దాతకు చూడ ముచ్చటైనది క్రొత్త పడవ. దానిపై దాతపేరు వ్రాయవచ్చును, దింపునప్పుడు పటము తీయించుకొనవచ్చును. ఆ విధముగా ఫైబరు పడవలు వచ్చి వచ్చి, కొన్ని రేవులలో మునుపున్న వానికంటె ఎక్కువైనవి. సముద్రములో చేప పెరుగలేదు. పడవకు కావలసిన మనుష్యులు చాలక కొన్ని ఇసుకపై నిలిచిపోయినవి. ఆ సమయముననే మత్స్యకారుల సహకార సమాఖ్యలు విరిగిన పడవలకు అతుకులు వేయించుట, ఉప్పునీట చెడిన యంత్రములను విప్పి బాగుచేయుట చేపట్టినవి. తన పడవ తనకు తిరిగి వచ్చినవాడు సముద్రముపైకి త్వరగా పోగలిగెను. దాని నడక వాని చేతికి తెలిసినదే గదా. ఆ పటములు చూచినపుడెల్ల నాకు నా నీలిరంగు డబ్బా జ్ఞప్తికి వచ్చును.

అయితే పాతదానిపై మోజుతో అపాయమును మఱువరాదు. 2017 నవంబరు 12వ తేదిని ఇబ్రహీంపట్టణము వద్ద పవిత్రసంగమమున, అనుమతి లేని పడవ యొకటి తిరుగబడి ఇరువదిమందికి పైగా మునిగిపోయిరి. అది మన కృష్ణలోనే. 2019 సెప్టెంబరు 15వ తేదిని గోదావరిలో కచ్చులూరు వద్ద వశిష్ఠ పడవ మునిగి సుమారు ఏబదిమంది మరణించిరి. లోతున కూరుకొనిపోయిన ఆ పడవను అక్టోబరు నెలలో పైకి లాగినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము. త్రాళ్ళు, లంగరులు, నీటి నడక యెఱిగిన కన్ను వారి సామగ్రి. పడవ మునుగుటకు పాతదనము ఒక్కటియే కారణము కాదు. ఎక్కువమంది నెక్కించుట, వరదలో పోవుట, అడుగు చూడకపోవుట, పడవ తెలియనివాడు నడుపుట, ఇవన్నియు కలిసి ముంచును.

రంగు ఉపయోగపడు చోటు కూడ ఒకటున్నది. ఇంగ్లండులో పూర్వము కొందరు ఓడల యజమానులు పుచ్చిన ఓడలకు రంగులు పూసి, మోయలేనంత సరుకు నింపి, విలువకు మించిన బీమా చేయించి, సముద్రముపైకి తోలెడివారు. మునిగినను వారికి లాభమే, పోయినవారు నావికులు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు యేండ్లతరబడి పోరాడి, 1876లో చట్టము చేయించెను. ఆ చట్టమువలన ఓడ ప్రక్కన ఒక గీత గీయవలెను. నీరు ఆ గీతను ముంచునంత బరువు వేయరాదు. చదువురాని వాడును చూచి చెప్పగల చట్టము అది. మన రేవు పడవపై అట్టి గీత యొకటి గీయించుటకు అరడబ్బా రంగు చాలును.

గ్రామ పెద్దలకు మనవి చేయవలసినది మిగిలియున్నది. 1955 డిసెంబరు 10వ తేదిని నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967లో నీరు కాలువలలోనికి వచ్చినది. 2013లో పులిచింతల సిద్ధమైనది. వంతెనలు వచ్చినవి. వీని వలన మనకు కలిగిన మేలు నేను వేరుగా చెప్పనేల. ఆ మేలుతోపాటు, దాటించి బ్రతికినవారికి దాటింపు పోయినది. చేపకొఱకు జలాశయములలోనికి పోవలసివచ్చినది. ఏటిలో వలె జలాశయములో ప్రవాహము కనబడదు. గాలి రేగినచో అలలు సముద్రమువలె లేచును. ఏటికి చాలిన పుట్టి అక్కడ చాలకపోవచ్చును. కావున ఎవరికైనను పాత పుట్టిని బాగుచేయించి యిచ్చునప్పుడు, అది ఏ నీటిలో తిరుగునో ముందు అడుగుడు.

తరువాత, ఎవరి పేర ఇచ్చుచున్నారో చూడుడు. వితంతువునకు సాయమని చెప్పి, కాగితము బావగారి పేర వ్రాసిన సందర్భములు నాకు తెలియును. పుట్టియు, వలయు, చేపలు పట్టు అనుమతియు ఆమె పేరనే యుండవలెను. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని మనము గొప్పగా చెప్పుకొందుము. ఆయన అంతటితో నిలువలేదు. కన్నమదాసును కొడుకుగా చేకొని సేనను వాని చేతికిచ్చెనని కథ. కూడు పెట్టువారు అన్ని కాలములందును దొరకుదురు. సేన నిచ్చువారు అరుదు.

డబ్బు పోగుచేయునప్పుడు పుట్టితోపాటు వల వెలను గూడ లెక్కలో చేర్చుడు. వల లేని పుట్టి, పలుగు లేని పొలము. లైఫ్ జాకెట్లు రెండు కొనుడు. మరమ్మతు కూలిలో ఎవరును బేరమాడవలదు. పని యెఱిగిన ముసలివానికి నిండు కూలి యిచ్చి, ఒక కుఱ్ఱవానిని ప్రక్కన కూర్చుండబెట్టుడు. వాడు పుట్టి అందుకొనువాని యింటివాడైనచో మఱియు మంచిది. వచ్చే యేడు మరల చందా అడుగ నక్కరలేదు. రేవులు, కాలువల విషయమున 1890 నాటి చట్టము మనకు చిరకాలము ఆధారము. 2021లో కేంద్రము చేసిన జలనౌకల చట్టములో యంత్రములేని పడవలను గూర్చియు ఒక భాగమున్నది. పంచాయతీ కార్యదర్శితో మాటలాడి మీ రేవులోని పడవలను, పుట్టులను ఒక పుస్తకములో వ్రాయింపుడు. ఏ పుట్టికి ఎప్పుడు తారు పూసిరో ఎదుట వ్రాసినచో చాలును.

పనికి తగిన కాలము మాఘ ఫాల్గుణములు. ఏరు తగ్గియుండును, ఎండ యింకను ముదురదు. తారు పట్టును, వెదురు పగులదు. ఆషాఢపు వరద కండ్లబడిన తరువాత తొందరపడి పూసిన తారు నమ్మదగినది కాదు. పండుగ నాటికి పూర్తి చేయవలెనని ముహూర్తము పెట్టుకొనవలదు. వెదురు ఆరిన నాడే ముహూర్తము.

ఒకానొక ఫాల్గుణములో పని కలిగి నేను ఆ గ్రామమునకు పోతిని. రేవున నాలుగు పుట్టులు బోర్లించి యున్నవి, తారు కాగుచున్నది. నాటి బాలునకు ఇప్పుడు తల నెరసినది. అతడు తన పుట్టులతోపాటు ఊరివారి పుట్టులను గూడ బాగుచేయుచున్నాడు. తల్లి గతించినదని చెప్పెను. నాకు మంచము వేయించి, మజ్జిగ తెప్పించెను. అప్పుడే పని ముగించిన పుట్టి యొకటి వెల్లకిల నిలిపియుండగా, లోపల అల్లిక చూచి బాగున్నదంటిని.

“పైన సూసి బాగుందంటే యేం లాభం అయ్యవారూ, తిరగేయమంటారా?” అనెను.

తిరుగవేయు మంటిని.